పాత పుష్‌రాడ్ ఇంజిన్‌లో టాపెట్ చప్పుడు: అరిగింది రాకరా, టాపెట్టా, క్యామా?

టాపెట్_1489

నమస్కారం అండీ. ఇంజిన్ బి-సిరీస్ 1489 సీసీ, పాత అంబాసిడర్‌ది. పైన వాల్వ్ కవర్ కింద టక్ టక్ మని ఆగని చప్పుడు. వేడెక్కాక కాస్త తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఎక్కుడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కార్బురేటర్ లోంచి తుమ్మినట్టు వెనక్కి కొడుతోంది.

చల్లటి ఇంజిన్ మీద రాకర్‌కీ వాల్వ్ కొనకీ మధ్య గ్యాప్‌లన్నీ 15 థౌకి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు; 0.38 మి.మీ.) పెట్టాను. సుమారు 800 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూస్తే, రేడియేటర్ వైపు నుంచి వరసగా ఇలా ఉన్నాయి (థౌలలో):

1వది 15, 2వది 15, 3వది 16, 4వది 15, 5వది 22, 6వది 15, 7వది 16, 8వది 10.

వేడి ఇంజిన్ మీద కంప్రెషన్ వరసగా 128, 130, 131, 118 పి.ఎస్.ఐ. చూసినవాళ్లంతా క్యామ్ షాఫ్ట్ పోయిందంటున్నారు. ఇంజిన్ దించకుండా ఏది అరిగిందో ఖాయంగా తేల్చుకునే దారి ఉందా?

డయల్‌గేజ్

ఉంది. మీరిచ్చిన అంకెల్లోనే సగం జవాబుంది. గ్యాప్ ఎంత ఉందన్నదాని కంటే, పెట్టిన చోటు నుంచి ఎటు జరిగిందన్నది ముఖ్యం.

క్యామ్ టాపెట్‌ను, టాపెట్ పుష్‌రాడ్‌ను, అది రాకర్‌ను తోస్తే, రాకర్ వాల్వ్‌ను తెరుస్తుంది. 5వది పెరిగింది. అంటే క్యామ్ నుంచి వాల్వ్ చివరి దాకా ఉన్న దారిలో ఎక్కడో లోహం పోతోంది: టాపెట్ అడుగు, పుష్‌రాడ్ కొన, అడ్జస్టింగ్ స్క్రూ గుండు, రాకర్ బుష్, రాకర్ ముక్కు. 8వది తగ్గింది. అక్కడ వాల్వే పైకి వస్తోంది, అంటే సీటు (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే చోటు) దిగిపోతోంది. ఈ ఇంజిన్‌లో 1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వులు; 2, 3, 6, 7 ఇన్‌లెట్. కాబట్టి మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు, ఒకటి మూడో సిలిండర్ ఎగ్జాస్ట్‌లో, ఇంకొకటి నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్‌లో. రెండింటినీ ఒకే గాటన కట్టి క్యామ్ మీదికి తోసేస్తే నాలుగో సిలిండర్ అలాగే మిగిలిపోతుంది.

చాలామంది తడబడే చోటు ఇంకొకటి. ఫీలర్ గేజ్‌తో (సన్నటి ఉక్కు ఆకుల కొలత పరికరం) గ్యాప్ కొలిచేటప్పుడు టాపెట్, క్యామ్ లోబ్‌కి (క్యామ్ మీద టాపెట్‌ను ఎత్తే ఉబ్బు) వెనక వైపు, గుండ్రటి భాగం మీద కూర్చుని ఉంటుంది. అరిగేది లోబ్ ముక్కు. ముక్కు ఎంత అరిగినా ఫీలర్ గేజ్‌కి తెలియదు. గ్యాప్ 15 థౌ కచ్చితంగా ఉండి కూడా వాల్వ్ సగమే తెరుచుకోవచ్చు. మీ 5వ దాంట్లో పెరిగిన 7 థౌ టాపెట్ అడుగుదై ఉంటుందని నా అనుమానం. ముక్కు సంగతి వేరే కొలవాలి.

కంప్రెషన్ 131 ఉంది కదా, మూడో సిలిండర్ బాగుందనుకోకండి. స్టార్టర్ తిప్పే వేగానికి వాల్వ్ కాస్త తెరుచుకున్నా సిలిండర్ ఖాళీ కావడానికి బోలెడు సమయం దొరుకుతుంది, కాబట్టి అరిగిన ఎగ్జాస్ట్ లోబ్ కంప్రెషన్ టెస్ట్‌లో పట్టుబడదు. లోడ్ మీద నడిచేటప్పుడు కాలిన వాయువు పూర్తిగా బయటికి పోలేక లోపలే మిగులుతుంది, ఇన్‌లెట్ తెరుచుకోగానే అది కార్బురేటర్ వైపు తన్నుకొస్తుంది. మీ తుమ్ములకు కారణం అదేనేమో చూడాలి.

కొలిచే పద్ధతి: నాలుగు ప్లగ్గులూ తీసేయండి. మాగ్నెటిక్ బేస్ హెడ్ మీద పెట్టి, డయల్ గేజ్ పిన్నును రాకర్ మీది అడ్జస్టింగ్ స్క్రూ తలపై, పుష్‌రాడ్ గీతకు సరిగ్గా నిటారుగా ఆనించండి. కొలిచే వాల్వ్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు దాని గ్యాప్ సున్నాకి తెచ్చి లాక్‌నట్ బిగించండి, లేకపోతే ఆ గ్యాప్ కొలతలో కలిసిపోతుంది. క్రాంక్‌ను స్పానర్‌తో నెమ్మదిగా ఒకే దిక్కుకు తిప్పి అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగులు రాసుకోండి. తేడాయే లోబ్ లిఫ్ట్. రాకర్ ఆర్క్‌లో కదులుతుంది కాబట్టి చిన్న తప్పు వస్తుంది గానీ, ఎనిమిదింటికీ ఒకే తప్పు కాబట్టి పోలికకు ఇబ్బంది లేదు.

పని అయ్యాక గ్యాప్‌లు తిరిగి 15కి పెట్టేటప్పుడు తొమ్మిది లెక్క పాటించండి: 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 4వది తెరుచుకున్నప్పుడు 5వది. రెండు నంబర్ల మొత్తం ఎప్పుడూ తొమ్మిది.

రాకర్‌షాఫ్ట్

డయల్‌గేజ్ గారు చెప్పింది సరే. దానికి ముందు రాకర్ ముక్కులు చూడండి. వాల్వ్ కొనను తాకే చోట ఏళ్ల తరబడి గుంట పడుతుంది. ఫీలర్ గేజ్ ఆకు ఆ గుంట అంచుల మీద వంతెనలా నిలబడిపోతుంది. మీకు 15 అనిపిస్తుంది, లోపల నిజంగా ఉండేది 20 కావచ్చు. టాపెట్లు ఎన్నిసార్లు పెట్టినా చప్పుడు తగ్గడం లేదంటే సగం సార్లు కారణం ఇదే.

తేల్చుకోవడం తేలిక. డయల్ గేజ్‌ను రాకర్ వాల్వ్ వైపు కొన మీద ఆనించి, వాల్వ్ మూసి ఉన్నప్పుడు రాకర్‌ను వేళ్లతో పైకీ కిందికీ కదపండి. సూది చూపించేదే అసలు గ్యాప్. అది ఫీలర్ గేజ్ చెప్పినదాని కంటే రెండు మూడు థౌలు ఎక్కువైతే గుంట ఉన్నట్టే. కొంచెం గుంటయితే గ్రైండింగ్‌లో అసలు వంపు తిరిగి తేవచ్చు, గట్టిపరిచిన పొర దాటిపోతే ఆ రాకర్ పనికిరాదు.

తర్వాత రాకర్‌ను షాఫ్ట్ మీద అడ్డంగా ఊపి చూడండి. పక్కలకు జారడం మామూలే, స్ప్రింగ్ ఉంటుంది. కొన పైకీ కిందికీ ఊగితే బుష్ పోయింది. షాఫ్ట్ అరుగుదల పైనుంచి చూస్తే కనిపించదు. పుష్‌రాడ్, వాల్వ్ స్ప్రింగ్ రెండూ రాకర్‌ను పైకే తోస్తాయి కాబట్టి షాఫ్ట్ అడుగు భాగం తినేస్తుంది. షాఫ్ట్ తీసి అడుగున గోరు పెట్టి గీస్తే మెట్టు తగులుతుంది. మెట్టు తగిలితే షాఫ్ట్, బుష్‌లు రెండూ కలిపి మార్చాలి. కొత్త బుష్ పాత షాఫ్ట్ మీద నిలవదు.

ముఖ్యమైన హెచ్చరిక: ఈ ఇంజిన్‌లో రాకర్ పెడెస్టల్స్‌ను (షాఫ్ట్‌ను మోసే దిమ్మెలు) పట్టుకునే నట్లలో కొన్ని హెడ్ స్టడ్లవే. వాటిని మాత్రమే వదులు చేస్తే హెడ్ ఒక పక్క బిగువుగా, ఇంకో పక్క వదులుగా మిగిలి వంగుతుంది, గాస్కెట్ కారుతుంది. ముందు కూలెంట్ కొంత దించి, హెడ్ నట్లన్నీ మాన్యువల్ వరసలో కొద్దికొద్దిగా వదులు చేసి అప్పుడే షాఫ్ట్ తీయండి.

షాఫ్ట్ చేతికొచ్చాక చివర ప్లగ్గు విప్పి లోపల శుభ్రం చేయండి. నల్లటి మడ్డి ఆయిల్ రంధ్రాలను మూసేసి ఉంటుంది. బిగించేటప్పుడు ఆ రంధ్రాలు కిందికి, అంటే బరువు పడే వైపుకు ఉండాలి.

నల్లగ్రీజు

విప్పడం మొదలుపెట్టే ముందు రెండు చిన్న పరీక్షలు. ఒకటి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో రాకర్ కొన కింద ఫీలర్ ఆకు దూర్చండి. ఏ వాల్వ్ దగ్గర చప్పుడు ఆగిపోతే దాని గ్యాపే చప్పుడుకు మూలం. ఆకు పెట్టినా ఆగకపోతే చప్పుడు వేరే చోటి నుంచి వస్తోంది.

రెండోది వాక్యూమ్ గేజ్. ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కి కలిపి వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో చూడండి. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య స్థిరంగా చూపిస్తుంది. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు ఒక అంగుళం తగ్గించుకోండి. సూది లయగా ఒకే విరామంతో పడి లేస్తుంటే ఒక వాల్వ్ సరిగ్గా కూర్చోవడం లేదు. ఐడ్లింగ్‌లో వేగంగా వణికి, ఆర్‌పీఎం పెంచితే కుదుటపడితే వాల్వ్ గైడ్లు (వాల్వ్ కాండం జారే గొట్టాలు) అరిగాయి. దానికి తిరగబడి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఊగిసలాట పెరిగితే స్ప్రింగులు బలహీనపడ్డాయి.

గైడ్లకు ఇంకో గుర్తు: రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే నీలం పొగ, లేదా దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ తొక్కగానే నీలం పొగ.

టైమింగ్ చెయిన్ కూడా చూడండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్‌ను ఒక దిక్కుకు తిప్పి ఆపి, నెమ్మదిగా వెనక్కి తిప్పండి. రోటర్ కదలడం మొదలయ్యేలోపు పుల్లీ ఎన్ని డిగ్రీలు తిరిగిందో గమనించండి. ఐదారు డిగ్రీలు దాటితే చెయిన్ సాగిపోయింది. డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ గేరు ఆట కూడా ఇందులో కలుస్తుంది కాబట్టి, అనుమానముంటే రోటర్‌కి బదులు రాకర్ కదలికను గుర్తుగా పెట్టుకోండి.

టాపెట్_1489

చాలా సంతోషం అండీ. అన్నీ కొలిచాను. లోబ్ లిఫ్ట్ మి.మీ.లలో:

1వది 5.58, 2వది 5.61, 3వది 5.60, 4వది 5.55, 5వది 4.83, 6వది 5.62, 7వది 5.59, 8వది 5.57.

రాకర్ ముక్కుల్లో 3, 7 దగ్గర గుంట ఉంది, అసలు గ్యాప్ 19, 18 వచ్చింది. 5వ రాకర్ ముక్కు నున్నగానే ఉంది. ఐడ్లింగ్‌లో 5వ దాని కింద ఆకు దూర్చితే చప్పుడు సగానికి పైగా పోయింది. వాక్యూమ్ 17 దగ్గర ఉంది, కానీ సూది అప్పుడప్పుడూ కాస్త పడుతోంది. చెయిన్ ఆట నాలుగు డిగ్రీలు.

డయల్‌గేజ్

తేలిపోయింది. పుస్తకంలో లిఫ్ట్ ఎంత రాశారన్నది పక్కన పెట్టండి. మిగతా ఏడూ 5.55, 5.62 మధ్య నిలబడ్డాయి, ఒక్క 5వది 0.75 మి.మీ. దాకా వెనకబడింది. తేడా 0.10 లోపు ఉంటే కొలత దోషమో మామూలు అరుగుదలో అనుకోవచ్చు. 0.25 దాటితే ఆ లోబ్ గట్టి పొర పోయినట్టే, అక్కడి నుంచి అరుగుదల నిదానంగా సాగదు, పరుగెడుతుంది. వాల్వ్ దగ్గరికి వచ్చేసరికి రాకర్ నిష్పత్తి వల్ల ఆ నష్టం ఒక మి.మీ. పైనే అవుతుంది.

ఇప్పుడు టాపెట్లు కళ్లతో చూడండి. ఈ ఇంజిన్‌లో మానిఫోల్డ్ కింద టాపెట్ గదికి రెండు పక్క మూతలుంటాయి. మానిఫోల్డ్ దించితే చెయ్యి పడుతుంది. పుష్‌రాడ్‌ను నేరుగా పైకి లాగకండి, ఆయిల్ పట్టు వల్ల టాపెట్ దాంతోపాటు లేచి పక్కకు పడుతుంది. కొద్దిగా తిప్పుతూ, పక్కకు తట్టి పట్టు విడిపించాక లేపండి. అట్ట ముక్కకు ఎనిమిది రంధ్రాలు చేసి నంబర్లు రాసి పుష్‌రాడ్లు, టాపెట్లు అదే వరసలో పెట్టండి. వరస కలిసిపోతే బాగున్న ఏడు కూడా పాడవుతాయి. ఒక్కో టాపెట్ అడుగు దాని లోబ్‌కే ఒదిగి ఉంటుంది.

మంచి టాపెట్ అడుగు చదునుగా కనిపిస్తుంది గానీ నిజానికి మధ్యలో అతి స్వల్పంగా ఉబ్బి ఉంటుంది. లోబ్ కూడా కొద్దిగా ఏటవాలుగా రుబ్బి ఉంటుంది. ఈ రెండింటి వల్లే టాపెట్ తిరుగుతూ పైకి లేస్తుంది, అరుగుదల అంతటా సమానంగా పడుతుంది. రెండు టాపెట్ల అడుగులు ఒకదానికొకటి ఆనించి దీపం ముందు పట్టుకోండి. అంచుల దగ్గర సన్నటి వెలుగు కనిపించి, ఒకదాని మీద ఒకటి ఊగితే బాగున్నాయి. మధ్యలో వెలుగు కనిపిస్తే గుంట పడింది. అడుగున వలయాల్లా గుర్తులుంటే తిరిగిన టాపెట్, ఒకే గీతలా చార పడితే తిరగడం మానేసిన టాపెట్. తిరగడం మానిందంటే లోబ్‌ను తింటోందన్నమాట.

మూతలు తిరిగి పెట్టేటప్పుడు కొత్త కార్క్ గాస్కెట్ వేసి, మధ్య బోల్టు మితంగానే బిగించండి. బలం పెడితే రేకు వంగి ఎప్పటికీ కారుతూనే ఉంటుంది.

హెడ్‌నట్

ఒక్క లోబే కదా. ఆ ఒక్క టాపెట్ కొత్తది వేసి, గ్యాప్ సరిచేసి నడిపితే సరిపోదా? క్యామ్ తీయడమంటే పెద్ద పని.

లేత్‌బెడ్

సరిపోదండి. గట్టి పొర పోయిన లోబ్ మీద కొత్త టాపెట్ పెడితే కొద్ది వందల కిలోమీటర్లలో ఆ టాపెట్ కూడా గుంట పడుతుంది. ఆ లోహపు పొడి అంతా ఆయిల్లోకే పోతుంది, ఫిల్టర్ పట్టేలోపు కొంత బేరింగుల్లో గుచ్చుకుంటుంది. అలాగే కొత్త క్యామ్ మీద పాత టాపెట్లు కూడా వేయకూడదు, ఎంత నున్నగా కనిపించినా సరే. కొత్త క్యామ్ అంటే ఎనిమిది కొత్త టాపెట్లు. పాత క్యామ్ మీద కొత్త టాపెట్లు వేయడం మాత్రం లోబ్ నిజంగా బాగుంటే కుదురుతుంది.

పుష్‌రాడ్లు మంచివైతే ఉంచుకోవచ్చు. మందపాటి అద్దం పలక మీద దొర్లించండి, ఎగిరితే వంగినట్టు. కొనలోని గిన్నె, అడ్జస్టర్ గుండు మీద మెట్టు పడిందేమో చూడండి.

ఇక 8వ వాల్వ్. దాన్ని గాలికి వదిలేయొద్దు. పాత ఇనుప హెడ్లలో సీటు హెడ్ లోహంలోనే కోసి ఉంటుంది. సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో ఆ సీసం ఒక పొరలా సీటుకూ వాల్వ్‌కూ మధ్య అడ్డుపడేది. ఇప్పుడు సీసం పెట్రోలు లోకంలో ఎక్కడా బంకుల్లో లేదు. చివరగా 2021లో అల్జీరియాలో ఆగిపోయింది. ఎక్కువ వేగంతో, బరువుతో గంటల తరబడి నడిస్తే ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు లోహాన్ని కణం కణంగా అతికించుకుని పెరికేస్తుంది. వాల్వ్ లోపలికి దిగుతుంది, దాని కొన రాకర్ వైపు లేస్తుంది, గ్యాప్ మూసుకుపోతుంది.

హెడ్ తీయకుండా చూడాలంటే, రాకర్ షాఫ్ట్ తీసినప్పుడు ఎనిమిది వాల్వ్ కొనల మీద స్టీల్ స్కేలు నిటారుగా పెట్టి చూడండి. 8వ కొన 1, 4 ఎగ్జాస్ట్ కొనల కంటే పైకి ఉంటే సీటు దిగినట్టే. గ్యాప్ సున్నా అయితే వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో అధిక భాగం సీటు ద్వారానే వదిలించుకుంటుంది. ఆ దారి మూసుకుపోతే అంచు కాలిపోతుంది. చప్పుడు చేసే వాల్వ్ కంటే చప్పుడు లేని బిగువు వాల్వ్ ప్రమాదం, ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే. మీ 118 పి.ఎస్.ఐ., వాక్యూమ్ సూది పడటం రెండూ అటే చూపిస్తున్నాయి. ఆ సిలిండర్‌లో ఒక చెంచా (5 మి.లీ.) ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కంప్రెషన్ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్.

టాపెట్_1489

ఆయిల్ పోసి చూశాను, 118 నుంచి 120 అయింది, అంతే. స్కేలు పెడితే 8వ కొన తేలిగ్గా కంటికే పైకి కనిపిస్తోంది. 5వ టాపెట్ అడుగున స్పష్టంగా గుంట, ఒక పక్కకు చార. మిగతా ఏడూ వలయాలతో నున్నగా ఉన్నాయి. అయితే హెడ్, క్యామ్ రెండూ చేయాల్సిందే. క్యామ్ బండిలోనే తీయొచ్చా?

లేత్‌బెడ్

ముందు హెడ్ సంగతి చెబుతాను: నాలుగు ఎగ్జాస్ట్ సీట్లకూ గట్టి ఉక్కు ఇన్సర్ట్‌లు (విడిగా దించే సీటు రింగులు) వేయించండి, ఇన్‌లెట్‌కి సాధారణంగా అక్కరలేదు. ఇనుప హెడ్‌లో ఇన్సర్ట్ రంధ్రం కంటే సుమారు 0.08 నుంచి 0.13 మి.మీ. పెద్దగా ఉండి బిగువుగా దిగాలి. వదులుగా దిగిన ఇన్సర్ట్ వేడికి ఊడి సిలిండర్‌లో పడుతుంది. సీటు కోయించే ముందే గైడ్లు మార్పించండి. గైడ్ ఆధారంగానే సీటు కోస్తారు, తర్వాత గైడ్ మారిస్తే కేంద్రం తప్పుతుంది. ఇలాంటి ఇంజిన్‌లో కాండం, గైడ్ మధ్య ఖాళీ ఇన్‌లెట్‌కి 0.04–0.06, ఎగ్జాస్ట్‌కి 0.05–0.08 మి.మీ. ఉండాలి.

రాకర్‌షాఫ్ట్

క్యామ్ బండిలోనే ముందు వైపు నుంచి వస్తుంది. రేడియేటర్, గ్రిల్, పుల్లీ, టైమింగ్ కవర్, చెయిన్, మెకానికల్ పెట్రోల్ పంపు ఉంటే అది, డిస్ట్రిబ్యూటర్, దాని డ్రైవ్ గేరు, టాపెట్లన్నీ బయటికి రావాలి. ఆయిల్ పంపు కూడా క్యామ్‌తోనే తిరుగుతుంది కాబట్టి సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి) దించి పంపు విప్పాలి. ఎలాగూ ఆ లోహపు పొడి కోసం సంప్, వల కడగాల్సిందే. చెయిన్ నాలుగు డిగ్రీలే అయినా ఇంత విప్పాక పాతది తిరిగి వేయడం అర్థం లేని పొదుపు.

క్యామ్ లాగేటప్పుడు లోబ్‌లు బేరింగ్ లైనర్లకు గీసుకోకుండా రెండు చేతులతో మోసుకుంటూ తీయండి. కొత్తది పెట్టాక ముందు పలక దగ్గర ఎండ్ ఫ్లోట్ (క్యామ్ ముందుకూ వెనక్కూ ఆడే ఖాళీ) 3 నుంచి 7 థౌ మధ్య ఉందో లేదో చూడండి. చెయిన్ చక్రాల మీది రెండు గుర్తులూ ఎదురెదురుగా వచ్చాకే కవర్ మూయండి.

ఆయిల్‌గ్యాలరీ

ఆయిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. చదును టాపెట్లకు జింక్, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ అనే పదార్థం ప్రాణం. లోబ్ ముక్కు దగ్గర ఆయిల్ పొర పిండైపోయే చోట అదే అడ్డుపడుతుంది. ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తుంది కాబట్టి 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం అనే ఆయిల్ ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడ్లలో దాన్ని 0.08 శాతానికి, అంటే 800 పీపీఎమ్‌కి పరిమితం చేశారు. ఆ పరిమితి 20డబ్ల్యూ-50కి వర్తించదు, అయినా డబ్బా మీద గ్రేడ్ చూసి ఊరుకోకుండా తయారీదారు డేటా షీట్‌లో ఫాస్ఫరస్ అంకె చూడండి. ఇలాంటి ఇంజిన్‌కి 1200 నుంచి 1400 పీపీఎమ్ మధ్య ఉంటే నిశ్చింత. ఎక్కువైతే ఇంకా మంచిదని సీసాలు సీసాలు కలపకండి, మోతాదు మించితే అదే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది.

డయల్‌గేజ్

కొత్త క్యామ్ బతుకు మొదటి ఇరవై నిమిషాల్లో నిర్ణయమవుతుంది. లోబ్‌లకు, టాపెట్ అడుగులకు మాలిబ్డినం పేస్ట్ దండిగా పూయండి. టాపెట్ పక్కలకు మామూలు ఆయిల్ చాలు, పేస్ట్ పూస్తే తిరగకుండా పట్టేస్తుంది. టాపెట్ రంధ్రంలో తన బరువుకే జారాలి. ప్లగ్గులు బిగించక ముందే ఆయిల్ ప్రెషర్ తెచ్చుకోవాలి, అదీ పంపు నింపుకుని తక్కువ తిప్పుళ్లలోనే, ఎందుకంటే ఎక్కువసేపు స్టార్టర్ తిప్పితే పేస్ట్ తుడుచుకుపోతుంది. ఇగ్నిషన్ టైమింగ్, కార్బురేటర్‌లో పెట్రోలు, రేడియేటర్‌లో నీళ్లు ముందే సిద్ధంగా ఉంచి, మొదటి తిప్పుడుకే అందుకునేలా చూడండి.

అందుకోగానే ఐడ్లింగ్‌కి వదలకండి. లోబ్‌ల మీద ఆయిల్ పడేది క్రాంక్ చిమ్మే తుంపర్లతోనే, ఐడ్లింగ్‌లో అది చాలదు. ఇరవై నిమిషాలు 2000, 2500 ఆర్‌పీఎం మధ్య పెంచుతూ తగ్గిస్తూ ఉంచండి. మధ్యలో వేడి పెరిగినా, ఏదైనా కారినా ఆపేసి, సరిచేసి, మిగిలిన నిమిషాలు పూర్తి చేయండి.

టాపెట్_1489

తిరుగుతున్నాయో లేదో అప్పుడే చూసే వీలుందా?

డయల్‌గేజ్

ఉంది. వాల్వ్ కవర్ తీసి చూస్తే పుష్‌రాడ్లు మెల్లగా గిర్రున తిరుగుతూ కనిపిస్తాయి. ఒక్కోదాని మీద మార్కర్‌తో నిలువు గీత గీసి ఉంచితే తెలిసిపోతుంది. ఎనిమిదింట్లో ఏది కదలకుండా నిలబడినా వెంటనే ఇంజిన్ ఆపి ఆ టాపెట్ బయటికి తీయండి. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, హెడ్ నట్లు మాన్యువల్ టార్క్‌కి మళ్లీ బిగించి, గ్యాప్‌లు చల్లగా 15కి పెట్టండి. 500 కిలోమీటర్ల దగ్గర మళ్లీ ఎనిమిది అంకెలూ రాసుకోండి. 5, 8 రెండూ 15 దగ్గరే నిలబడాలి.